పురపాలనమున గుత్తపద్ధతి: ప్రభుత్వము విధించిన హద్దుల చరిత్ర

1. ప్రస్తావన

గోండు రాజుల నాటి కోటగోడ నేటికిని చంద్రపుర నగరమును చుట్టియున్నది. జట్పురా ద్వారము క్రిందుగను, పఠాన్‌పురా ద్వారము క్రిందుగను జనులు నిత్యము రాకపోకలు సాగించుచున్నారు. తెల్లవారకమునుపే ఇట్టి ద్వారముల చెంత వీధి నూడ్చు కార్మికుడు ఎవరి నౌకరు అను ప్రశ్న మొదట చాల చిన్నదిగా కన్పట్టును. వీధి నగరపాలక సంస్థకు చెందినది. దానిని శుభ్రముగా నుంచుట ఆ సంస్థకు శాసనము విధించిన విధి. అందులకగు వ్యయము ప్రజాధనము. అయినను ఊడ్చువాని పేరు సంస్థ ఉద్యోగుల పట్టికలో నుండక గుత్తదారుని హాజరుపుస్తకములో నుండుట నేటి భారతీయ పట్టణములలో సామాన్యమైనది. గడువు తీరగనే గుత్తదారు మారును. ఒక్కొక్కప్పుడు కార్మికుడును మారును. వీధి మాత్రము మారదు.

స్థానిక ప్రభుత్వములు ప్రజలకు చేయవలసిన సేవలను గుత్తకిచ్చుట ఎంతవఱకు తగును? దానికి హద్దు నిర్ణయించు అధికారము రాష్ట్రమునకు ఉండదగునా? ఉండదగునేని ఆ హద్దు ఎచ్చట గీయవలెను? 2025 నవంబరు 21వ తేదీన క్రొత్త కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చుటతో ఈ ప్రశ్నలు మరల ముందునకు వచ్చినవి. ఇట్టి సమయమున వెనుకటి చరిత్రను ఒకమారు పరిశీలించుట ప్రయోజనకరము.

ఈ చరిత్ర తెలుగువారికి పరాయిది కాదు. 1874లో ఎగువ గోదావరి జిల్లా రద్దు కాగా, తెలుగు మాటాడు సిరొంచ ప్రాంతము చాందా జిల్లాలో చేరినది. అది 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడు వఱకు ఈ జిల్లాలోనే యుండెను. హైదరాబాదు రాజ్యమునందలి ఆదిలాబాదు జిల్లాకు చెందిన రాజురా తాలూకా 1956 రాష్ట్రపునర్విభజనమున బొంబాయి రాష్ట్రమునకు వచ్చి, పిమ్మట చాందా జిల్లాలో కలిసెను. 1929లో కాజీపేట, బల్లార్షాల నడుమ రైలుమార్గము పూర్తియైన పిదప తెలుగునేలనుండి ఇచ్చటికి ప్రయాణము సుకరమయ్యెను. బొగ్గుగనులను, కాగితపు మిల్లును, రైల్వేను ఆశ్రయించి వచ్చిన తెలుగు కుటుంబములు ఇచ్చటనే స్థిరపడినవి. వీరిలో శ్రమజీవులే యధికులు. కావున శ్రమకు యజమాని యెవరను ప్రశ్న వీరి యింటి ప్రశ్నయే.

2. గుత్త యను మాట, దాని అనుభవము

గుత్త యను మాట తెలుగునాట అతిపరిచితము. పొలమును గుత్తకిత్తురు, మామిడితోట కాపును గుత్తకిత్తురు, చెరువులోని చేపలను, ఏటి రేవును, కల్లుదుకాణమును గుత్తకిత్తురు. ఫలము వచ్చినను రాకున్నను ముందుగా నిర్ణయించిన మొత్తమును చెల్లించి, తక్కిన లాభనష్టములను తానే భరించువాడు గుత్తదారు. తెలంగాణమున ఇతనిని గుత్తేదారు అందురు. మరాఠీ దేశమున ఠేకేదారు అందురు.

ప్రభుత్వపు పనిని గుత్తకు తీసికొన్నపుడు ఈ లెక్క తలక్రిందులగును. సర్కారు నిర్ణీతమగు మొత్తము నిచ్చును. ఎంత తక్కువ ఖర్చుతో పని ముగించిన గుత్తదారునకు అంత లాభము. వంతెన కట్టుటలో ఈ లాభము రాయి, సున్నము, ఇనుము, యంత్రము, నేర్పు మొదలగు పెక్కింటి పొదుపునుండి రావచ్చును. చీపురు, తట్ట, బండి తప్ప వేఱు సామగ్రి లేని పనిలో మిగులు రావలసిన చోటు ఒక్కటే: అది కూలి. ఈ భేదమును గుర్తింపనిచో తర్వాతి చరిత్ర యంతయు అర్థము కాదు.

ప్రభుత్వధర్మమునే గుత్తకిచ్చిన అనుభవము ఈ ప్రాంతపు పొరుగుననే కలదు. హైదరాబాదు రాజ్యమున పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగము వఱకు భూమిశిస్తు వసూలు గుత్తదారులగు తాలూకాదారుల చేతులలో నుండెను. వారు దివానునకు ముందుగా ధనము చెల్లించి, రైతులనుండి చేతనైనంత రాబట్టుకొనుచుండిరి. వచ్చు సంవత్సరము ఆ తాలూకా తమ చేతిలో నుండునో లేదో తెలియని వారికి రైతు బాగోగులతో పనిలేకపోయెను. 1853లో దివానైన మొదటి సాలార్ జంగు ఈ పద్ధతిని క్రమముగా తొలగించి, జీతము పుచ్చుకొను అధికారులను నియమించెను. 1865లో జిలాబందీ యను జిల్లా పరిపాలన వ్యవస్థను ఏర్పఱచెను. ప్రభుత్వము తన విధిని తానే నిర్వహింపవలెనను సూత్రము ఈ ప్రాంతమున ఆచరణలోనికి వచ్చుట ఇట్లు శిస్తు విషయమున జరిగినది. పురపాలనమున ఆ సూత్రము ప్రవేశించుటకు మఱికొంత కాలము పట్టెను.

3. చాందా పురపాలక సంఘము

1853లో మూడవ రఘోజీ భోంస్లే మరణింపగా నాగపూరు రాజ్యమును, దానితోపాటు చాందాను ఆంగ్లేయులు 1854లో తమ పాలనలో కలుపుకొనిరి. 1861లో మధ్యపరగణాలు ఏర్పడెను. 1867లో చాందా పురపాలక సంఘము స్థాపితమయ్యెను. 1882 మే నెలలో రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి చేసిన తీర్మానము ఇట్టి సంఘములకు క్రొత్త జీవమును పోసినది. 1922 నాటి మధ్యపరగణాల మునిసిపాలిటీల చట్టము వీని విధులను, అధికారములను నిర్ణయించినది. చాందా క్రమముగా మధ్యప్రదేశమునను, 1956లో బొంబాయి రాష్ట్రమునను, 1960 మే 1 నుండి మహారాష్ట్రమునను భాగమయ్యెను. 2011లో చంద్రపురమునకు నగరపాలక సంస్థ హోదా లభించినది.

పాలకులు మారినను ఈ చట్టములన్నిటిలో మారని యంశమొకటి కలదు. వీధుల నూడ్చుట, చెత్తను తొలగించుట, నీటిని సమకూర్చుట మొదలగునవి పురపాలక సంఘము తప్పక చేయవలసిన విధులు. తోటలు, గ్రంథాలయములు మొదలగువానిలో పెక్కు వీలున్నపుడు చేయదగినవి. 1949 నాటి బొంబాయి ప్రాంతీయ నగరపాలక సంస్థల చట్టములోని 63వ సెక్షను, 1965 నాటి మహారాష్ట్ర పురపాలక సంఘముల చట్టములోని 49వ సెక్షను ఈ తప్పనిసరి విధులను వరుసగా పేర్కొన్నవి. 1992లో పార్లమెంటు ఆమోదించిన రాజ్యాంగపు 74వ సవరణ చేర్చిన పన్నెండవ షెడ్యూలులో ప్రజారోగ్యము, పారిశుద్ధ్యము, ఘనవ్యర్థముల నిర్వహణ కలవు.

అయితే తప్పనిసరి విధియని వ్రాయబడిన పనులన్నియు మొదటినుండి పురపాలక సంఘములే చేయుచుండెనని భావింపరాదు. ఇంటి మరుగుదొడ్లను శుభ్రపఱచుట చాల పట్టణములలో కొన్ని కుటుంబముల ఆచారపు హక్కుగా సాగినది. ఏ వీధి యెవరిదో పంచుకొని, ఆ హక్కును తండ్రినుండి కొడుకు పొందుచుండెను. హక్కను మాట గౌరవప్రదముగా వినబడినను, అది కులము మోపిన బంధమే. 1949లో బొంబాయి ప్రభుత్వము నియమించిన బర్వే సమితి పారిశుద్ధ్య కార్మికుల దుఃస్థితిని విచారించినది. 1957లో కేంద్రము నియమించిన మల్కానీ సమితి 1960లో నివేదిక నిచ్చినది. ఆచారపు హక్కులను గూర్చియే 1965లో మల్కానీ అధ్యక్షతన మఱియొక సమితి ఏర్పడి, వానిని తొలగించి ఆ పనిని పురపాలక సంఘములు స్వీకరింపవలెనని సూచించినది.

ఈ సమితుల యాశయము స్పష్టము. కులము కట్టిపెట్టిన చాకిరి పురపాలక సంఘపు ఉద్యోగముగా మారవలెను. జీతము, సెలవు, వైద్యము, వృద్ధాప్యమున పింఛను లభింపవలెను. మహారాష్ట్రమున లాడ్, పాగే సమితుల సిఫారసుల ననుసరించి పారిశుద్ధ్య కార్మికుల వారసులకు ఉద్యోగమునందు ప్రాధాన్యమిచ్చు పద్ధతియు ఏర్పడినది. కులవృత్తిని ఇది మరింత బిగించునను విమర్శ లేకపోలేదు. కాని స్థిరమగు ఉద్యోగమున్నపుడే ఆ ప్రాధాన్యమునకైనను అర్థమున్నది. పని గుత్తకు పోయినచో ఆ స్థిరత్వము మొదటికే లేకుండ పోవును.

4. మేస్త్రీ పద్ధతినుండి విట్లీ సంఘము వఱకు

శ్రమ చేయువానికిని, చేయించుకొనువానికిని నడుమ ఒక మధ్యవర్తి నిలిచినపుడు ఏమి జరుగునో తెలుగు కార్మికులు సముద్రము దాటియు చూచిరి. కోరంగి, కాకినాడ, విశాఖపట్టణ ప్రాంతములనుండి రంగూను వెళ్లిన కూలీలు మేస్త్రీల ద్వారా వెళ్లిరి. మేస్త్రీ ఓడఛార్జీకి, ఇంటిఖర్చుకు బయానా ఇచ్చును. రేవులోను, మిల్లులోను పని చూపును. కూలి తానే అందుకొని, అప్పు, వడ్డి, కమీషను మినహాయించి తక్కినది పంచును. రేవు కంపెనీకి కూలీతో సంబంధము లేదు. కూలీకి కంపెనీ ముఖము తెలియదు. 1930 మే నెలలో రంగూను రేవున సమ్మెచేసిన తెలుగు కూలీలకును, వారి స్థానమున తేబడిన బర్మీయులకును నడుమ పుట్టిన కలహము నగరమంతట వ్యాపించి ఘోరమగు రక్తపాతముగా పరిణమించినది. ఇరువాగుల పేదలును ఒకే పనికై పోరాడుకొనిరి.

1929లో నియమితమై 1931లో నివేదిక సమర్పించిన రాయల్ కార్మిక సంఘము, అనగా విట్లీ సంఘము, భారతదేశముతోపాటు బర్మానుకూడ పరిశీలించినది. కార్మికులను ఎన్నుకొనుట, పనివేళలు నిర్ణయించుట, జీతము చెల్లించుట అను మూడును యాజమాన్యము చేతిలోనే యుండవలెనని అది సూచించినది. చట్టము యజమానిపై మోపిన బాధ్యతలు మధ్యవర్తి చాటున మఱుగుపడరాదని దాని యభిప్రాయము. తరువాత వచ్చిన హద్దులన్నిటికి ఇది బీజమనవచ్చును.

5. హద్దు చట్టరూపము దాల్చుట

1960లో సర్వోన్నత న్యాయస్థానమునకు బొంబాయిలోని ఒక చమురుశుద్ధి కర్మాగారపు తగవు వచ్చినది. కర్మాగారమును ఊడ్చి శుభ్రపఱచు పనిని గుత్తకిచ్చుట తగునా యనునదియే వివాదము. ఆ పని కర్మాగారమునకు అనుబంధమైనది, ఏడాది పొడవున సాగునది, పోల్చదగిన యితర సంస్థలు నేరుగా తమ కార్మికులచే చేయించుకొనునది, తగినంతమంది పూర్ణకాల కార్మికులకు పని కల్పించునది కావున గుత్తను నిలిపివేయుట సబబేయని న్యాయస్థానము నిర్ణయించినది. హద్దును గూర్చిన చర్చ ఊడ్చుపనితోనే మొదలగుట గమనింపదగినది.

ఆ తీర్పులోని పరీక్షలే 1970 నాటి గుత్తకార్మికుల (నియంత్రణ, రద్దు) చట్టములోని 10వ సెక్షనులో చోటుచేసికొన్నవి. 1971 ఫిబ్రవరి 10న ఈ చట్టము అమలులోనికి వచ్చెను. ఇది గుత్తను మొత్తముగా నిషేధింపలేదు. ఇరువదిమంది లేక అంతకు మించిన కార్మికులున్న చోట్ల యజమాని రిజిస్ట్రేషను పొందవలెను. గుత్తదారు లైసెన్సు పొందవలెను. గుత్తదారు కూలి చెల్లింపనిచో అసలు యజమాని చెల్లింపవలెను. సముచిత ప్రభుత్వము విచారించి, ఏ పనిలోనైనను గుత్తను నిషేధింపవచ్చును. ఈ చట్టమందలి సంస్థయను పదమునకిచ్చిన నిర్వచనములో ప్రభుత్వ శాఖలతోపాటు స్థానిక సంస్థలును చేరియున్నవి. కావున పురపాలక సంఘము గుత్తకిచ్చు పనికి హద్దు విధించు అధికారము రాష్ట్రమునకు అప్పటినుండియే లభించినది.

ఈ అధికారము ఎంత బలమైనదో చంద్రపురపు బొగ్గుగనులు సాక్ష్యమిచ్చును. పూర్వము గనులలో బొగ్గు త్రవ్వి పైకి తెచ్చు పనిని గుత్తదారులు కూలీలచే చేయించెడివారు. 1973లో గనులు జాతీయమైనవి. 1975 ఫిబ్రవరి 1న కేంద్రప్రభుత్వము బొగ్గు త్రవ్వుట, ఎత్తుట, దించుట మొదలగు పనులలో గుత్తను నిషేధించినది. గనికార్మికుని బిడ్డ చదువుకొని మఱియొక వృత్తి చేపట్టుటకు ఈ స్థిరత్వము మెట్టుగా నిలిచినది. తరువాతి కాలమున పైమట్టి తొలగించుట మొదలగు పనులు మరల గుత్తదారులకు చేరినమాట నిజము. అయినను ఒకే నగరమున గని కార్మికుని పనికి దొరకిన రక్షణ వీధి కార్మికుని పనికి దొరకకపోవుట ఆలోచింపదగిన విషయము. బొగ్గు రాని దినమును దేశము లెక్కించును. చెత్త తీయని దినమును వీధివారు మాత్రమే లెక్కింతురు.

6. లెక్కలోని సందు

చట్టము ఇరువది అను సంఖ్యను హద్దుగా పెట్టినది. హద్దునకు లోబడుటకంటె దానికి ఒక యడుగు ఇవతల నిలుచుట సులభమని పురపాలక సంస్థలు త్వరలోనే గ్రహించినవి. ముంబయి నగరమున చెత్త తొలగించు పనిని చిన్నచిన్న గుత్తలుగా ఖండించి, ఒక్కొక్క దానిలో ఇరువదికి లోపు కార్మికులను చూపు పద్ధతి ప్రవేశించినది. దీనిని అచ్చటివారు హైదరాబాదు పద్ధతి యని పిలిచిరి. శిస్తుగుత్తను రూపుమాపిన సాలార్ జంగు నగరము పేరు, వీధిగుత్తను చట్టమునకు అందకుండ చేయు ఉపాయమునకు తగుల్కొనుట విచారకరము. ఈ పద్ధతిలో గుత్తదారు సేవాసంస్థగను, కార్మికుడు స్వచ్ఛందసేవకుడుగను కాగితముమీద మారిపోయిరి. సేవకునకు జీతముండదు, గౌరవ భత్యమే యుండును. కనీస వేతనపు చట్టముతో పనిలేదని వాదింపవచ్చును.

ఇంతలో న్యాయస్థానముల దృష్టియు మారుచు వచ్చినది. కేంద్రప్రభుత్వమునకు సంబంధించిన సంస్థల కట్టడములలో ఊడ్చుట, తుడుచుట, కావలి పనులందు గుత్తను 1976 డిసెంబరులో వెలువడిన ప్రకటన నిషేధించెను. నిషేధించిన పిదప ఆ కార్మికులు తమంతట అసలు యజమాని ఉద్యోగులగుదురని 1996లో సర్వోన్నత న్యాయస్థానము చెప్పినది. 2001 ఆగస్టు 30న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ యభిప్రాయమును త్రోసిపుచ్చి, 1976 నాటి ప్రకటననుకూడ రద్దుచేసినది. నిషేధమువలన గుత్త పోవును గాని ఉద్యోగము తనంతట రాదని దాని సారాంశము. అయితే ఆ గుత్త కేవలము ముసుగేయని పారిశ్రామిక న్యాయస్థానమున ఋజువైనచో కార్మికుడు అసలు యజమానివాడే యని అదే తీర్పు అంగీకరించినది.

ముంబయి పారిశుద్ధ్య కార్మికులు ఆ త్రోవనే నడచిరి. వారి సంఘమగు కచరా వాహతూక్ శ్రమిక్ సంఘము చాల యేండ్లు పోరాడి, 2014లో పారిశ్రామిక ట్రిబ్యునలునందు అనుకూలమగు నిర్ణయమును పొందినది. 2017 ఏప్రిల్ 7న సర్వోన్నత న్యాయస్థానము దానిని సమర్థింపగా, 2,700 మంది స్థిరోద్యోగులగుటకు హక్కు పొందిరి. ఈ విజయము గొప్పది. కాని న్యాయస్థానమునకు పోగల సంఘబలము చిన్న పట్టణములలోని కార్మికులకు సులభముగా లభింపదు. పైగా అదే 2017లో మహారాష్ట్రము తన సవరణ చట్టముద్వారా ఇరువది యను సంఖ్యను ఏబదికి పెంచినది. ఇరువదిలోనే దూరగలిగినవారికి ఏబది మఱింత విశాలమగు ద్వారము.

7. ముఖ్యమగు పని, ముఖ్యము కాని పని

సంఖ్యతో పెట్టిన హద్దునకు మాఱుగా పని స్వభావముతో హద్దు పెట్టు ప్రయత్నము ఆంధ్రప్రదేశమున జరిగినది. 2003లో ఆ రాష్ట్రము 1970 నాటి చట్టమును సవరించి, సంస్థయొక్క ముఖ్యకార్యమున గుత్తకార్మికులను నియమింపరాదని శాసించెను. ఏ పనికొఱకు సంస్థ స్థాపింపబడినదో ఆ పనియు, దానికి అత్యావశ్యకమైన పనులును ముఖ్యకార్యములు. ఊడ్చుట, చెత్త తీయుట, కావలి, తోటపని, భోజనశాల మొదలగునవి ముఖ్యకార్యములు కావు. కాని ఇచ్చట ఒక నియమము కలదు: సంస్థ ఆ పనికొఱకే స్థాపింపబడినదైనచో అది ముఖ్యకార్యమే యగును.

ఈ నిర్వచనమే 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిభద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతిలో చేరి, 2025 నవంబరు 21 నుండి దేశమంతటికిని వర్తించుచున్నది. ఏబది యను సంఖ్యయు దానిలో చేరినది. దాని 57వ సెక్షను ముఖ్యకార్యములలో గుత్తను నిషేధించుచున్నది. అయితే సాధారణముగా గుత్తదారులద్వారానే జరుగు పనికి, పూర్ణకాల కార్మికులు అక్కఱలేని పనికి, హఠాత్తుగా పెరిగిన పనికి మినహాయింపు నిచ్చినది.

పురపాలక సంస్థ విషయమున ఈ నిర్వచనము ఎట్లు వర్తించును? ఉక్కు కర్మాగారము ఉక్కుకొఱకు స్థాపింపబడినది. అచ్చట నేల తుడుచుట అనుబంధము. పురపాలక సంస్థ దేనికొఱకు స్థాపింపబడినది? 1965 నాటి చట్టపు 49వ సెక్షనును చదివినవారికి సమాధానము వెదకుకొన నక్కఱలేదు. వీధిని శుభ్రముగా నుంచుట, నీరిచ్చుట, దీపము పెట్టుట అను విధులను తొలగించినచో ఆ సంస్థలో మిగులునది భవనము, పన్ను రసీదు మాత్రమే. కావున పారిశుద్ధ్యము పురపాలక సంస్థకు ముఖ్యకార్యమే యనుట స్మృతియొక్క అక్షరమునకును, భావమునకును తగిన యర్థము. అయినను సాధారణముగా గుత్తదారులద్వారానే జరుగు పనికి మినహాయింపు ఉండుటవలన, నిన్నటి యతిక్రమణ నేటి సాధారణ పద్ధతిగా చూపబడు ప్రమాదము కలదు. పురపాలక సంస్థలకు సముచిత ప్రభుత్వము రాష్ట్రప్రభుత్వమే. ఈ సందేహమును రాష్ట్రమే తన నియమములలో తీర్పవలెను.

8. ఒక చేత త్రోసి, మఱియొక చేత ఆపుట

స్థానిక సంస్థల పక్షమునకూడ న్యాయమున్నది. అవి సరదాకు గుత్తపద్ధతిని ఆశ్రయింపలేదు. మహారాష్ట్రమున పురపాలక సంఘములకు ముఖ్యాదాయమైన ఆక్ట్రాయి 1999లో రద్దయ్యెను. నగరపాలక సంస్థలలో దానికి బదులు వచ్చిన స్థానిక సంస్థల పన్ను 2015లో చాలవఱకు తొలగెను. అటుపిమ్మట ప్రభుత్వమిచ్చు నష్టపరిహారపు గ్రాంటుపై అవి ఆధారపడవలసివచ్చెను.

దీనికి తోడు సిబ్బంది వ్యయము 35 శాతమునకు మించరాదను నియమము కలదు. మించినచో క్రొత్త నియామకములకు అనుమతి దొరకదు. జీతము సిబ్బంది వ్యయముక్రింద వచ్చును. గుత్తదారుని బిల్లు మఱియొక పద్దుక్రింద వచ్చును. ఊడ్చు మనిషి ఒక్కడే, ఊడ్చు వీధి ఒక్కటే. కాని నేరుగా జీతమిచ్చిన పరిమితి దాటును, గుత్తదారుని ద్వారా ఇచ్చిన పరిమితి దాటదు. పదవీ విరమణ చేసినవాని స్థానమున మఱియొకని నియమింపజాలని సంస్థకు గుత్త తప్ప వేఱుమార్గము కనబడదు. ఇట్లు ప్రభుత్వము ఒకచేత స్థానిక సంస్థలను గుత్తవైపు త్రోయుచు, మఱియొకచేత గుత్తను నియంత్రింపజూచుచున్నది. ఈ వైరుధ్యమును తొలగింపక విధించు హద్దు నిలువజాలదు.

రాష్ట్రప్రభుత్వములే ఈ విషయమున ఊగిసలాడిన నిదర్శనములు కలవు. 2023 సెప్టెంబరు 6న మహారాష్ట్ర ప్రభుత్వము తొమ్మిది ప్రైవేటు సంస్థలద్వారా గుత్త సిబ్బందిని తీసికొనుటకు ఉత్తరువు జారీచేసినది. నిరసనలు చెలరేగగా అక్టోబరు 20న ఆ పద్ధతిని రద్దుచేయుచున్నట్లు ప్రకటించినది. ఆంధ్రప్రదేశమున 2020 జూలైలో ప్రైవేటు మధ్యవర్తులను తొలగించి, ప్రభుత్వపు కార్పొరేషను ఒకటి ద్వారా పొరుగుసేవల సిబ్బందికి జీతములిచ్చు ఏర్పాటు ప్రారంభమైనది. మధ్యవర్తి కమీషను పోయినది. కాని స్థిరత్వము రాలేదు. 2023 డిసెంబరు చివర ఆ రాష్ట్రపు పురపాలక కార్మికులు సమ్మెకు దిగుటకు ఇది యొక ముఖ్యకారణము.

9. స్వపరిపాలనము, హద్దులు

రాష్ట్రము హద్దు విధించుట స్థానిక స్వపరిపాలనమునకు భంగము కాదా యను ఆక్షేపణ బరువైనది. ఎవరి వీధిని ఎట్లు ఊడ్పించుకొనవలెనో ఆ పురజనులు ఎన్నుకొన్న సభ్యులే నిర్ణయింపవలెనను మాట సహేతుకముగనే యున్నది. అయితే రాష్ట్రము వ్యతిరేక దిశలోకూడ స్థానిక సంస్థల చేతులు కట్టగలదని ఇంగ్లండు చరిత్ర చెప్పుచున్నది. అచ్చట 1988 నాటి చట్టము చెత్త సేకరణ, వీధుల శుభ్రత మొదలగు సేవలను టెండరునకు పెట్టితీరవలెనని స్థానిక సంస్థలను నిర్బంధించెను. 1999 నాటి చట్టము ఆ నిర్బంధమును తొలగించి, చవుకతనముతోపాటు సేవయొక్క గుణమునుకూడ చూడవలెనని నిర్దేశించెను. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 2025లో వేఱొక పద్ధతి నవలంబించినది: కార్మికసంఘపు పరిధిలోని పనిని గుత్తకిచ్చుటకు టెండరు పిలువదలచిన స్థానిక సంస్థ 45 దినములు ముందుగా ఆ సంఘమునకు తెలుపవలెను. ఇది నిషేధము కాదు. నిర్ణయము చీకటిలో జరుగకుండ చేయు ఏర్పాటు.

ఈ యుదాహరణములవలన తేలునది యేమన, స్వపరిపాలనమనగా విధిని నెఱవేర్చు విధానమును ఎన్నుకొను స్వేచ్ఛ. విధినుండి తప్పించుకొను స్వేచ్ఛ కాదు. వంతెన కట్టుట, గొట్టములు వేయుట, యంత్రము మరమ్మతు చేయుట మొదలగు ముగియు పనులకు గుత్త తగును. ప్రతి యుదయము మరల మొదలగు పనికి యజమాని ఎదుట నిలువవలెను. విట్లీ సంఘము చెప్పినదియు, 1960 నాటి తీర్పు చెప్పినదియు, 1970 నాటి చట్టము చెప్పినదియు ఇంతమాత్రమే.

10. ఉపసంహారము

ఈ చరిత్రనుండి మూడు విషయములు స్పష్టమగుచున్నవి. సంఖ్యపై ఆధారపడిన హద్దును గుత్తను ఖండములు చేసి దాటవచ్చును. కావున గుత్తదారుని వారీగా గాక, ఆ పనిలో నగరమంతట నున్న కార్మికుల మొత్తమును లెక్కింపవలెను. పురపాలక చట్టము తప్పనిసరి విధిగా పేర్కొన్న పని పురపాలక సంస్థకు ముఖ్యకార్యమేయని రాష్ట్రము తన నియమములలో నిస్సందేహముగా వ్రాయవలెను. గుత్తబిల్లులోని కూలిభాగమును సిబ్బంది వ్యయముతో కలిపియే 35 శాతపు పరిమితిని చూడవలెను, లేదా ఆ పరిమితిని తప్పనిసరి విధులకు సడలింపవలెను. ఈ మూడవది లేక మొదటి రెండును కాగితముపైననే నిలుచును.

సాలార్ జంగు శిస్తుగుత్తను తొలగించినపుడు రాజ్యమునకు వెంటనే ఆదాయము పెరుగునను భరోసా యెవరును ఇయ్యలేదు. రైతునకును ప్రభుత్వమునకును నడుమ నిలిచిన మూడవవాడు తొలగుట యొక్కటే నిశ్చయముగా తెలిసిన లాభము. పురపాలనమునకును అదియే వర్తించును. వీధి ఊడ్వబడని దినమున పురజనుడు ఎవరిని అడుగవలెనో, కూలి అందని మాసమున కార్మికుడు ఎవరిని అడుగవలెనో ఇరువురికిని ఒకే సమాధానము దొరకవలెను. ఆ సమాధానము నగరపాలక సంస్థ యనునదియే కావలెను. హద్దులు విధించుటయొక్క ప్రయోజనము ఇదియే.